ఎన్ని గంటలు చేశావని కాదు, ఎవరిని అడిగి చేశావు?

(కోనసీమలోని ఒక గ్రంథాలయం హాల్లో పదో తరగతి, ఇంటర్ పిల్లలతోనూ వాళ్ల తల్లిదండ్రులతోనూ మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసినవి, మాట్లాడినట్టే ఉంచాను.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, చాపలున్నాయి. పిల్లలూ, మీరు కింద కూర్చోండమ్మా, కుర్చీలు పెద్దవాళ్లకి వదిలేద్దాం.

నేను పుట్టింది ఈ పక్కనే, రాజోలు వైపు. పన్నెండేళ్లు హైదరాబాద్‌లో ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో పనిచేశాను. అమ్మకి ఒంట్లో బాగుండకపోతే తిరిగొచ్చేసి ఇక్కడే ఉండిపోయాను. ఆ స్కూల్లో నేను లెక్కలో సైన్సో చెప్పలేదు. పిల్లలు పాఠాల బయట ఏం చేస్తున్నారు, ఎందుకు చేస్తున్నారు, చేశాక ఏమనుకుంటున్నారు, ఇవి కనిపెట్టుకుని ఉండటమే నా ఉద్యోగం. ఇలాంటి ఉద్యోగం ఒకటుంటుందని అప్పట్లో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. అదేంటో చెప్పమనే మీ సార్ నన్ను పిలిచారు.

ఇంటర్నేషనల్ బ్యాకలారియేట్, పొట్టిగా ఐబీ, అని ఒక చదువు ఉంది. 1968లో జెనీవాలో మొదలైంది. 2024 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ప్రభుత్వ బడుల్లోకి తెస్తామని ఒప్పందం చేసుకున్నప్పుడు ఈ పేరు పేపర్లలో చూసే ఉంటారు. అందులో మన ఇంటర్‌కి సరిపోయే రెండేళ్ల కోర్సుని డిప్లొమా అంటారు. ఆరు సబ్జెక్టులు, మొత్తం 45 పాయింట్లు. వీటితో పాటు క్యాస్ అని ఒకటుంది. క్రియేటివిటీ, యాక్టివిటీ, సర్వీస్, ఈ మూడు మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు. మన మాటల్లో అయితే సొంతంగా ఏదైనా తయారుచేయడం, ఒళ్లు కదిలించడం, పదిమందికి పనికొచ్చే పని చేయడం. పద్దెనిమిది నెలల పాటు వారం వారం ఏదో ఒకటి నడుస్తూనే ఉండాలి. మధ్యలో కనీసం నెల రోజులు నలుగురు కలిసి చేసే ప్రాజెక్టు ఒకటి ఉండాలి. చేసిన దాని గురించి రాసుకోవాలి, నాలాంటి వాళ్ల ముందు మూడుసార్లు కూర్చుని మాట్లాడాలి.

దీనికి మార్కులు లేవు, ఒక్క పాయింటు కూడా రాదు. కానీ ఇది పూర్తి చేయకపోతే డిప్లొమా ఇవ్వరు, 45కి 45 వచ్చినా సరే. మొదట్లో నాకిది అన్యాయంగా అనిపించేది. మార్కులివ్వని పనికి సర్టిఫికెట్టు ఆపేయడమేంటి అనుకునేదాన్ని. కొన్నేళ్లు పిల్లల మధ్య ఉన్నాక అర్థమైంది. మార్కులు పెడితే మార్కుల కోసం చేస్తారు. తప్పనిసరి అనకపోతే అసలు మొదలే పెట్టరు. అందుకే మధ్యలో ఇలాంటి దారి ఒకటి వెతికారు. ఒకప్పుడు దీనికి గంటల లెక్క ఉండేది, ఒక్కోదానికి యాభై చొప్పున మొత్తం 150 గంటలు. తర్వాత ఆ లెక్క తీసేశారు. ఎందుకు తీసేశారో నాకు బాగా తెలుసు, ఆ పాత అలవాటు వదలని పిల్లల్ని నేను చాలామందిని చూశాను. అనాథాశ్రమానికి వెళ్లి, గోడ గడియారం చూసి, "మేడమ్, రెండు గంటలయింది, సంతకం పెడతారా" అని అడిగేవాళ్లు. ఆ రెండు గంటల్లో వాళ్ల చూపు గడియారం మీద నుంచి అక్కడున్న పిల్లల మీదకి ఎన్నిసార్లు వెళ్లిందో నేను పక్కనే నిలబడి చూశాను.

ఇదంతా విదేశీ వ్యవహారం, మనకెందుకు అనుకోకండి. 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపనితో కలిసిన చదువు గురించి చెప్పింది ఇదే దారిలోది. 1969 సెప్టెంబర్ 24న, గాంధీగారి శతజయంతి ఏడాదిలో, 37 విశ్వవిద్యాలయాల్లో నలభై వేల మందితో ఎన్.ఎస్.ఎస్., అంటే జాతీయ సేవా పథకం, మొదలైంది. "నేను కాదు, నువ్వు" అనేది వాళ్ల నినాదం. ఎంత మంచి మాట! దాంట్లో కూడా రెండేళ్లకి 240 గంటలని లెక్కుంది. 2020 జాతీయ విద్యా విధానం పాఠం వేరు, పాఠం బయటి పని వేరు అనే గోడ ఉండకూడదంటుంది. కాగితం మీద మనకేం తక్కువ లేదు. ఆ కాగితం మీ దాకా వచ్చేసరికి ఏమవుతోందో మీకే తెలుసు. ఆగస్టు పదిహేనుకి పరేడు, ఒక మొక్క, ఒక ఫోటో, అంతే.

మొక్క మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మన పక్కనే కడియం ఉంది, నర్సరీల ఊరు, మొక్కకి మనకి కరువే లేదు. గొయ్యి తీసి నాటడానికి ఐదు నిమిషాలు చాలు. ఏప్రిల్ నెలాఖర్లో కాలవలు కట్టేశాక, అంటే కాలవలకి నీళ్లు ఆపేశాక, ఎవరు నీళ్లు పోస్తారు? ఎండాకాలం సెలవుల్లో మేక తినకుండా కంప ఎవరు కడతారు? పద్దెనిమిది నెలలు అని ఎందుకు పెట్టారో మన డెల్టా వాళ్లకి చెప్పక్కర్లేదనిపిస్తుంది నాకు. ఒక సార్వా, అంటే వానాకాలం పంట, ఒక దాళ్వా, అంటే రెండో పంట, ఒక వరద, కాలవలో నీళ్లు లేని ఒక ఎండాకాలం, మళ్లీ సార్వా. ఒక పని నిజంగా నిలబడుతుందో లేదో తెలియాలంటే ఇవన్నీ దాటాలి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఈ ఊళ్లో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

2022 జూలై వరద మీ అందరికీ గుర్తుంది. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆ ఏడు 25 లక్షలు దాటింది. నేనప్పటికి హైదరాబాద్‌లోనే ఉన్నాను. మా పిల్లలు టీవీలో చూసి కదిలిపోయారు, మేడమ్ మీ ఊరే కదా, ఏదైనా చేద్దాం అన్నారు. నాకూ కడుపులో తిప్పేసినట్టుంది, వెంటనే సరే అన్నాను. వారంలో వ్యాను నిండా బట్టలు పోగయ్యాయి. నీళ్లు తీశాక పదహారు మంది పిల్లల్ని తీసుకుని, పడవెక్కి, పి.గన్నవరం అవతల ఒక గోదావరి లంకకి వెళ్లాం. బట్టలు పంచాం. జీన్సు ప్యాంట్లు, పార్టీ గౌన్లు, కోట్లు. అక్కడొక మామ్మగారు ఒక మూటని చేత్తో తడిమి చూసి పక్కన పెట్టి, "బట్టలు వచ్చాయమ్మా, మూడు లారీలు వచ్చాయి. మా గేదెకి నాలుగు రోజులై మేత లేదు" అంది. అంతే అంది. కోప్పడలేదు.

గడ్డివాములన్నీ కొట్టుకుపోయాయి, పచ్చిక మీద బురద పేరుకుపోయింది. పాలమ్ముకుని బతికే ఇళ్లు అవి. ఒక్క ఫోను చేసి ఉంటే ఆ వ్యాను నిండా ఎండుగడ్డి తెచ్చేవాళ్లం. నేను అక్కడికి దగ్గర్లోనే పుట్టినదాన్ని. గేదెలున్న ఇంట్లో పెరిగినదాన్ని. నాకైనా తట్టాలి కదా. తట్టలేదు, ఎందుకంటే అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. మాకు ఇవ్వాలనిపించిందేదో అదే ఇచ్చాం.

క్యాస్‌లో సేవకి ఐదు మెట్లు చెప్తారు. ముందు విచారించు, తర్వాత సిద్ధమవు, తర్వాత చెయ్యి, చేశాక ఆలోచించు, ఆ తర్వాత నలుగురికీ చూపించు. చెయ్యడం అనేది మూడో మెట్టు. ఈ ఐదూ నేను ఏటా బోర్డు మీద రాసి పిల్లలకి నేర్పించాను, అయినా వరదని చూడగానే తిన్నగా మూడోదాని మీదకి ఎక్కేశాను. మొదటి మెట్టు మీద నెల రోజులు నిలబడినా నష్టం లేదని ఆ రోజు తెలిసింది. వరదప్పుడు నెల రోజులు ఉండవు, నిజమే, కానీ ఒక ఫోను చేయడానికి పది నిమిషాలుంటాయి.

ఇక్కడికొచ్చాక చేసిన పని ఒకటి చెప్తాను, ఇది కొంచెం పెద్దగా చెప్తాను, ఎందుకంటే మీరు చేయగలిగిన పని ఇది.

భీమవరం వైపు ఒక ఊళ్లో ఇంటర్ పిల్లలు తొమ్మిది మంది నా దగ్గరకొచ్చారు. ఊరికి ఏదైనా చెయ్యాలండి అన్నారు. ఏం చెయ్యాలో తెలీదన్నారు. తెలీకపోవడమే మంచిదన్నాను. మూడు వారాలు ఏం చెయ్యొద్దు, ఇంటింటికీ వెళ్లి ఒకే ప్రశ్న అడగండి, మీకు రోజూ విసుగు తెప్పించేదేంటి అని. మొదటి వారం వాళ్లకి సిగ్గేసింది. రెండో వారం కొంతమంది లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చారట. మూడో వారానికి పుస్తకం నిండింది. రోడ్డు, వీధిలైటు, బస్సు, అన్నీ ఉన్నాయి, కానీ మళ్లీ మళ్లీ వచ్చింది నీళ్ల సంగతి. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయి, పప్పు ఉడకట్లేదు, టిన్ను నీళ్లు కొనలేకపోతున్నాం అని. ఎక్కువగా చెప్పింది ఆడవాళ్లే.

టీడీఎస్ మీటరని ఒకటుంటుంది, పెన్ను సైజులో, కొన్ని వందలు పెడితే వస్తుంది. నీళ్లలో కరిగిన లవణాలు ఎంత ఉన్నాయో చూపిస్తుంది. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరక్కపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. పిల్లలు ఊరి మ్యాపు గీసి ఇరవై బోర్లు ఎంచుకున్నారు. నెలకోసారి, ఆదివారం పొద్దున్నే, సైకిళ్ల మీద కాలవ గట్టు వెంట తిరిగి కొలిచేవాళ్లు. ఒక్కో బోరు పక్కన అంకె, తేదీ, ఎండో వానో. మీటరు సూక్ష్మక్రిములని చూపించదు, అంకె తక్కువుంది కదాని నీళ్లు మంచివని అనుకోకూడదు, ఆ సంగతి కూడా వాళ్లే సైన్సు మేడమ్‌ని అడిగి తెలుసుకుని చార్టు కింద ఎర్ర ఇంకుతో రాశారు. ఆ ఎర్ర ఇంకు నాకు చాలా నచ్చింది.

చూశారా, ఆ చార్టు గీయడం సృజన, సైకిలు తొక్కడం ఒళ్లు కదలడం, ఊరికి లెక్క ఇవ్వడం సేవ. మూడింటికీ మూడు పనులు వెతుక్కోనక్కర్లేదు.

అసలు కష్టం నాలుగో నెలలో వచ్చింది. చెరువుల పక్కన ఉన్న బోర్లలో అంకె పెద్దదిగా వస్తోంది. చెరువులంటే రొయ్యల చెరువులు. ఆ తొమ్మిది మందిలో ఒకబ్బాయి వాళ్ల నాన్నగారివే రెండున్నాయి. వాడు ఆ ఆదివారం రాలేదు. తర్వాతి ఆదివారం వచ్చాడు గానీ మాట్లాడలేదు. నేను వాడిని విడిగా కూర్చోబెట్టాను. "మేడమ్, మా నాన్న చెడ్డవాడా?" అని అడిగాడు. కాదు నాన్నా అన్నాను. రొయ్య మీదే మీ చదువు నడుస్తోంది, ఈ ఊళ్లో సగం మందికి అన్నం కూడా అదే పెడుతోంది. ఆ ఆడవాళ్ల పప్పు ఉడకకపోవడమూ నిజమే. రెండూ నిజమైనప్పుడు ఏం చెయ్యాలో నాకూ పూర్తిగా తెలీదు, నువ్వు కూర్చుని ఆలోచించు అన్నాను.

క్యాస్‌లో పిల్లలు చేరుకోవాల్సినవి ఏడున్నాయి. తన బలం, లోటు తెలుసుకోవడం, కొత్త నైపుణ్యం నేర్చుకోవడం, పట్టు వదలకుండా ఉండటం, కలిసి పనిచేయడం, ఇలా సాగుతాయి. ఏడోది, మనం తీసుకునే నిర్ణయాల్లో మంచి చెడ్డల్ని తూచడం. పన్నెండేళ్లు ఈ ఏడోది ఫైళ్లలో చదివాను, పిల్లలు దాని కింద ఏవో రెండు మంచి వాక్యాలు రాసిచ్చేవాళ్లు. ఒక మనిషి ముఖంలో దాన్ని చూడటం మాత్రం అదే మొదటిసారి. ఆ అబ్బాయి చివరికి ఏం చేశాడంటే, వాళ్ల నాన్నగారినే బోరు దగ్గరకి తీసుకొచ్చి, మీటరు ఆయన చేతికిచ్చి, ఆయన చేతే కొలిపించాడు. ఆయన ఏమీ అనలేదట, అంకె చూసి చాలాసేపు నిలబడ్డాడట. తర్వాత పంచాయతీలో పిల్లలు చార్టు పెట్టిన రోజు ఆయన వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. మంచినీళ్ల చెరువు పూడిక ఈసారి కాలవలు కట్టేసినప్పుడు తీయించాలని అక్కడ మాట పడింది. నీళ్ల సమస్య తీరిపోయిందని చెప్పను, తీరలేదు. మాట పడింది, అంతవరకే.

ఒకమ్మగారు ఇందాకట్నుంచి తల ఊపుతున్నారు, టైమెక్కడుందండీ అని. ఉంటుందమ్మా, మీ టెన్షన్ నాకు తెలుసు. ఇంటర్ రెండేళ్లు ఈఏపీసెట్, జేఈఈ, నీట్, పొద్దున ఐదింటికి లేపితే రాత్రి పదింటి దాకా పుస్తకమే. ఇంటర్ బోర్డు దీనికి మార్కులేమీ ఇవ్వదు, అబద్ధం చెప్పను. వారానికి రెండు మూడు గంటలు అడుగుతున్నాను. ఆదివారం పొద్దున. ఫోను చూసుకుంటూ మంచం మీద దొర్లే ఆ మూడు గంటలే. హాస్టల్లో ఉన్న పిల్లలకి అదీ ఉండదు, వాళ్ల విషయంలో నాకు చాలా బాధగా ఉంది, పదహారేళ్ల పిల్లని రెండేళ్లు గోడల మధ్య పెట్టి బయటి మనిషితో మాట్లాడనివ్వకపోవడం ఏ ర్యాంకు కోసమైనా సరే తప్పే, ఆ మాట ఏ మేనేజ్‌మెంట్ ముందైనా చెప్తాను.

ఇంకోటి, దయచేసి మీ పిల్లల ప్రాజెక్టు మీరు చేసిపెట్టకండి. హైదరాబాద్‌లో అమ్మలు రాత్రి ఒంటిగంటకి కూర్చుని రిపోర్టులు టైపు చేసేవాళ్లు. ఇప్పుడైతే ఫోనుని అడిగితే చాలు, "ఈ అనుభవం నాలో నాయకత్వ లక్షణాలను పెంపొందించింది" అని రాసి చేతిలో పెడుతుంది. ఆ వాక్యం నేను కొన్ని వందల సార్లు చదివాను. ఒకమ్మాయి రాసిన రెండు లైన్లు మాత్రం గుర్తుండిపోయాయి. "మూడో వారం నాకు వెళ్లబుద్ధి కాలేదు. మామ్మగారు వాసన వస్తున్నారు, నాకు ఆ మాట అనుకున్నందుకు ఏడుపొచ్చింది." వృద్ధాశ్రమానికి వెళ్లే పిల్ల. ఆ అమ్మాయి పద్దెనిమిది నెలలూ వెళ్లింది. రాయడమంటే అదీ పిల్లలూ. తెలుగులోనే రాయండి, తప్పులున్నా పర్లేదు, ఆ రోజు జరిగింది ఆ రోజే రాయండి.

మీకు ఎదురుగా కనపడేవి కొన్ని చెప్తాను. కనుమ నాడు జగ్గన్నతోటకి ప్రభలు వెళ్తాయి కదా. వెదురు చీల్చడం, వంచి కట్టడం, బట్ట తొడగడం, ఇవన్నీ ఊళ్లో ఎవరికొచ్చో కనుక్కుని, ఈ ఏడు వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోండి, చిన్న ప్రభ ఒకటి మీ చేత్తో కట్టండి. నరసాపురం వైపు అమ్మమ్మలున్నవాళ్లు లేసు అల్లిక నేర్చుకోండి, మగపిల్లలు కూడా. ఒక్క పువ్వు అల్లడానికి ఎంతసేపు పడుతుందో, దానికి ఆవిడ చేతికి ఎంత వస్తుందో రెండూ రాయండి. ఇక ఈత. చుట్టూ ఇన్ని కాలవలు, ఇన్ని పాయలు ఉన్న చోట ఈత రాని పిల్లలు ఇంతమంది ఉండటం నాకు భయమేస్తుంది. మా చిన్నప్పుడు అరటి బోదె కట్టుకుని నేర్చుకున్నాం. ఈత వచ్చిన పెద్దవాళ్లు ఇద్దరు ఒడ్డున ఉండాలి, తాడు ఉండాలి, కాలవలో నీళ్లు తక్కువగా, నెమ్మదిగా ఉన్నప్పుడే దిగాలి, ఒంటరిగా ఎవరూ దిగకూడదు. ఈ నాలుగూ కుదిరితేనే. కుదరకపోతే వద్దు.

మన గోదావరి పిల్ల ఒకావిడ ఉండేది. 1909లో రాజమండ్రిలో పుట్టింది. చిన్నతనంలోనే ఇంగ్లిషు బడి మానేసి, తను నేర్చుకున్న హిందీని తోటి ఆడపిల్లలకి చెప్పడానికి బాలికా హిందీ పాఠశాల పెట్టింది. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు ఖాదీ ప్రదర్శన దగ్గర వాలంటీరుగా నిలబడింది. టిక్కెట్టు లేనివాళ్లని లోపలికి పంపకూడదు, అదీ ఆ పిల్లకి అప్పగించిన పని. నెహ్రూగారు టిక్కెట్టు లేకుండా వస్తే ఆపేసింది. నిర్వాహకులు టిక్కెట్టు కొన్నాకే లోపలికి వదిలింది. అప్పటికి పద్నాలుగేళ్లు. ఆవిడే దుర్గాబాయి దేశ్‌ముఖ్. తర్వాత ఆంధ్ర మహిళా సభ పెట్టింది, రాజ్యాంగ సభలో కూర్చుంది, అవన్నీ మీ పుస్తకాల్లో ఉంటాయి. నేను చెప్పేది ఆ గేటు దగ్గర పిల్ల గురించి. తన పనేంటో ఆ పిల్లకి పూర్తిగా తెలుసు, దాని ముందు ఎంత పెద్దమనిషి వచ్చినా అదే పని చేసింది. నేను ఇన్నేళ్లలో ఎంతమంది పిల్లల ఫైళ్లు చదివానో, అలాంటిది ఒక్కటి కనిపిస్తే ఆ రోజంతా నాకు బాగుండేది.

సరే, వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకి లాకుల దగ్గర కలుద్దాం. నా దగ్గర మీటర్లు రెండున్నాయి. సైకిలుంటే తెచ్చుకోండి, లేనివాళ్లు వెనక కూర్చోవచ్చు. ఒక నోటుబుక్కు, మంచినీళ్ల సీసా. కొలవడం ఆ రోజే మొదలుపెట్టం, మూడు వారాలు అడగడమే. ఎవరింటికి ముందు వెళ్లాలో ఇప్పుడే అనుకుందాం. చెరువు గట్టు మీద ఉన్న వీధి ఎవరిదమ్మా, చేతులెత్తండి.